ట్రాక్ నంబర్ 4474

1988 జులై 3, ఆదివారం. ఒమన్ ఉత్తర కొసన హోర్ముజ్ జలసంధి. ఎండ మాడ్చేస్తోంది, నీళ్ల మీద మసక. ఇరాన్ గన్‌బోట్లను తరుముతూ అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ దూసుకొచ్చింది. ఒమన్ గస్తీ నౌక రేడియో అందుకుంది. మా జలాలు వదిలి వెళ్లిపొమ్మంది. విన్సెన్స్ మళ్లింది. దాని హెలికాప్టర్ మాత్రం అక్కడే తిరుగుతోంది. కాసేపటికి దాని మీద కాల్పులు! కెప్టెన్ విల్ రోజర్స్ నౌకను మళ్లీ ఉత్తరానికి తిప్పాడు.

ఇరాన్ టైమ్ 10.17. బందర్ అబ్బాస్ నుంచి ఇరాన్ ఎయిర్ 655 లేచింది. 27 నిమిషాలు లేటు. దుబాయ్ వెళ్లాలి. లోపల 290 మంది. పదిమంది మన దేశం వాళ్లు. కింద ఫిరంగులు పేలుతున్నాయని వాళ్లకి తెలియదు.

విన్సెన్స్ కంట్రోల్ రూమ్‌లో చీకటి, నీలి వెలుతురు. ఏజిస్ కంప్యూటర్ ఆ విమానానికి 4474 అని నంబరిచ్చింది. ఒకతను విమానాల టైమ్‌టేబుల్ తిరగేశాడు. నౌక గడియారం కంటే ఇరాన్ గడియారం అరగంట ముందు. ఫిరంగి పేలినప్పుడల్లా లైట్లు రెపరెపలాడుతున్నాయి. 655 అతని కంట పడలేదు. ఇంతలో ఎవరో ఇరాన్ యుద్ధవిమానం, ఎఫ్-14 అన్నారు.

అప్పుడే నంబరు మారింది. దగ్గర్లో ఉన్న అమెరికా నౌక సైడ్స్ అదే విమానాన్ని 4131గా గుర్తించింది. కంప్యూటర్లు రెండూ కలిపి 4131నే ఉంచాయి. ఖాళీ అయిన 4474, ఎక్కడో దూరాన కిందికి దిగుతున్న అమెరికా విమానానికి వెళ్లిపోయింది. ఈ గదిలో ఆ సంగతి పట్టించుకున్నవాళ్లు లేరు. 4474 ఏం చేస్తోందని కెప్టెన్ అడిగాడు. దిగుతోందని జవాబొచ్చింది.

ముందు ఫిరంగి మొరాయించింది, వెనక ఫిరంగికి గురి కుదరాలని నౌక ఒక్కసారిగా ఒరిగి తిరిగేసరికి పుస్తకాలూ కాఫీ కప్పులూ జారి పడుతుంటే, హెడ్‌ఫోన్లలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడుతుంటే, చిన్న తెర మీద ఎత్తు అంకె పెరుగుతోందా తగ్గుతోందా అని మనసులో లెక్క కట్టే తీరిక ఎవరికుంటుంది? పెద్ద తెర మీద ఆ అంకె లేనే లేదు.

హెచ్చరికలు పది వెళ్లాయి. ఏడు సైనిక ఫ్రీక్వెన్సీ మీద. ప్రయాణికుల విమానానికి అవి వినపడవు. మిగతా మూడింటికీ జవాబు లేదు.

10.24. రెండు క్షిపణులు లేచాయి.

ఒక్కరూ బతకలేదు. 66 మంది పిల్లలు.

తర్వాత నౌకలోని టేపులు తిప్పి చూశారు. విమానం మొదట్నుంచీ పైకే ఎక్కుతోంది. మొదట్నుంచీ పౌర విమాన సంకేతమే పంపుతోంది. ఏజిస్ అంతా సరిగ్గానే రాసుకుంది. ఎత్తు వివరం పెద్ద తెర మీదే కనపడాలని రియర్ అడ్మిరల్ విలియం ఫోగార్టీ దర్యాప్తు సిఫార్సు చేసింది. ఆ ఒక్క అంకె ముందే అక్కడ ఉండాల్సింది.

1996లో అమెరికా మృతుల కుటుంబాలకు 6.18 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. చట్టపరమైన బాధ్యత మాత్రం ఒప్పుకోలేదు.