లియక్ కన్సైంగ్

ఏప్రిల్ నడిమిభాగమున కంబోడియాలో క్రొత్తయేడు పుట్టునపుడు, ఖ్మేరు బాలబాలికలు చెట్టునీడను మండలాకారముగ గూర్చుండి యాడెడి యొక క్రీడకు ‘లియక్ కన్సైంగ్’ అని పేరు. ‘లియక్’ అనగా దాచుట, ‘కన్సైంగ్’ అనగా తుండుగుడ్డ. మనము కర్మమును ముందుంచి ‘గుడ్డను దాచుట’ యందుము. ఖ్మేరుభాష క్రియను ముందు నిలుపును. ఆ క్రియకు కాలపురుషప్రత్యయములు లేవు గనుక ‘దాచెను’, ‘దాచుచున్నాడు’, ‘దాచుము’ అనువాని కన్నిటికిని ‘లియక్’ అను నొక్కమాటయే చెల్లును.

పేరు సాధువే గాని కొంత మోసకారి. ‘క్రమా’ యనెడి గళ్ల నూలుగుడ్డను తాడువలె మెలిపెట్టి, చేతబట్టి, వీపుల వెనుకగా నడచుచున్నవాడు ఎవని వెనుకనో దానిని చప్పుడుగాకుండ జారవిడుచును. పసికట్టినవాడు గుడ్డ నందుకొని తరుమును. పసికట్టలేనివానిని, చుట్టు తిరిగివచ్చిన యాతడే యా గుడ్డతో బాదుచు మండలము చుట్టును పరుగెత్తించును. ఆటకు ప్రాణ మా దెబ్బయే. పేరు దానినే దాచినది!

పండుగ మొదటిదినమగు ‘మొహా సాంగ్‌క్రాన్’ మన మహాసంక్రాంతియే యని వినినంతనే తెలియును. ‘లియక్’ అట్లు సంస్కృతము వలన వచ్చినది కాదు; ఖ్మేరువారి సొంతమాట. ఆ భాష ఆస్ట్రోఆసియాటిక్ కుటుంబమునకు జెందినది. గిడుగు రామమూర్తిపంతులు 1931లో వ్యాకరణము ప్రకటించిన మన సవరభాషయు నా కుటుంబములోనిదే.