పాదముల క్రింది చిత్రకళ: చేతి బిళ్ళల చరిత్ర

ఊరి చరిత్ర కోటలయందును శాసనములయందును వ్రాయబడి యుండునని అందరు నెరుగుదురు. ఇండ్ల నేలలయందును అది వ్రాయబడి యుండును. హఫీజ్‌పేట్ వంటి ఊళ్ళలో తాతల కాలమున మట్టి నేలయే నేల. ఇల్లాండ్రు తెల్లవారకమున్నే పేడతో అలికి ముగ్గు పెట్టుచుండిరి. అలుకు చెడినచో మరల అలుకుటకు ఆ ఇంటి చేతులే చాలును. కలిగిన వారి ఇండ్లలో సున్నమును ఇసుకను దంచి గచ్చు చేయించెడివారు.

1874లో సికిందరాబాదు నుండి వాడికి రైలుమార్గ మేర్పడెను. ఈనాడు హఫీజ్‌పేట్ స్టేషనున్నది ఆ మార్గముననే. అదే మార్గమున తాండూరు కలదు. వాడి దాటిన పిమ్మట షాబాదు కలదు. ఆ రెండు చోట్ల భూమిలో పొరలు పొరలుగా దొరకు సున్నపురాతి బండలు హైదరాబాదు పరిసరములందు వేలకొలది ఇండ్లకు నేలలైనవి. 1956 వరకు షాబాదు కూడ హైదరాబాదు రాష్ట్రములోని ఊరే. నీలిబూడిద రంగున చల్లగా నుండు ఆ బండ నేటికిని పాత ఇండ్ల వసారాలలో కనబడును.

బండకు చలువ కలదు గాని చిత్రము లేదు. ముగ్గులోని అందమును చెరగని నేలగా మార్చినది సిమెంటు బిళ్ళ. 1824లో ఇంగ్లండున పోర్ట్‌లాండు సిమెంటునకు హక్కుపత్రము లభించెను. 19వ శతాబ్ది నడుమ ఐరోపాలో రంగు కలిపిన సిమెంటుతో పూల బిళ్ళలు చేయుట మొదలయ్యెను. తొలుత అవి మన దేశమునకు ఓడలలో వచ్చినవి. 1914 నాటికి పోర్‌బందరులో సిమెంటు తయారగుచుండెను. 1922లో బొంబాయిలో ఫిరోజ్‌షా సిధ్వా, రుస్తుం సిధ్వాలు స్వదేశీ దీక్షతో భారత్ టైల్స్ సంస్థను స్థాపించిరి. రాజకీయ స్వాతంత్ర్యముతో పాటు ఆర్థిక స్వాతంత్ర్యమును కోరిన కాలమది. ఇట్లు పరదేశమున పుట్టిన విద్య మన చేతులలో మన విద్య యయ్యెను. నేడు సంప్రదాయమని చెప్పుకొనుచున్నది ఒకప్పుడు క్రొత్తయే యని మరువరాదు.

ఈ విద్య మిక్కిలి పేరొందిన చోటు తమిళనాట శివగంగ జిల్లాలోని ఆత్తంగుడి. కారైకుడి సమీపమున నున్న ఆ గ్రామము పేరిటనే అక్కడి బిళ్ళలు ప్రసిద్ధి కెక్కినవి. బర్మా మొదలగు దేశములలో వర్తకము చేసి ధనము గడించిన చెట్టినాటి వర్తకులు తమ పెద్ద ఇండ్లలో వీనిని పరపించిరి.

బిళ్ళ తయారగు విధము చూడ ముచ్చటగా నుండును. చదునైన గాజుపలకపై ఇనుప చట్ర ముంచుదురు. ఆ చట్రములో పూవు, తీగ, గళ్ళు మొదలగు ఆకారములు గల అచ్చు నుంచి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క రంగు సిమెంటు ద్రవమును గరిటతో పోయుదురు. అచ్చును మెల్లగా పైకి తీయుదురు. అప్పుడు చేయి వణకినచో రంగులు కలిసి పూవు చెడును. దానిపై పొడి సిమెంటు, ఇసుక చల్లి, మీద తడి మిశ్రమము నింపి చదును చేయుదురు. పిమ్మట ఆరబెట్టి, నీటి తొట్టెలలో నానవేయుదురు. గాజు ఊడి వచ్చిన చోట నున్నని మెరుగు వెలువడును. దీనికి కొలిమి అక్కరలేదు. ఇసుక, ఎండ, నీరు, ఓర్పు చాలును.

ఎనిమిది అంగుళముల బిళ్ళలతో పది అడుగుల చదరపు గదిని పరచవలె నన్నచో 225 బిళ్ళలు కావలెను. అనగా పనివాడు 225 మారులు రంగు పోసి, 225 మారులు అచ్చు నెత్తవలెను. స్వాతంత్ర్యానంతరము మొజాయిక్ నేలలును, పిమ్మట గుజరాతులోని మోర్బి మొదలగు చోట్ల యంత్రములపై తయారగు పింగాణి పలకలును వ్యాపించినవి. చేతిపని వాని వేగము నందుకొనజాలక పోయెను. పని తగ్గినచోట కొడుకు తండ్రి విద్య నేర్వడు. అచ్చులు తుప్పుపట్టును.

చేయి పోయినచో ఏమగునో హైదరాబాదు పాతనగరములోని బాద్‌షాహీ ఆశూర్‌ఖానా చెప్పును. కుతుబ్‌షాహీల కాలమున దాని గోడలకు మెరుగు పలకలు అమర్చిరి. అవి గోడపలకలే యైనను నేల బిళ్ళలకును అదే పాఠము. 1908 నాటి మూసీ వరదలో వానిలో కొన్ని పాడైనవి. ఆ పలకలు చేయు విద్య అప్పటికి ఇచట లేకపోవుటచే, పోయిన చోట్ల రంగుపూతతో సరిపుచ్చవలసి వచ్చెను. రాజుల కట్టడమున కైనను పనివాని చేయి లేనిదే మరమ్మతు లేదు.

అయినను ఈ కథ విషాదాంతము కాదు. 20వ శతాబ్ది చివర బొంబాయి పాత భవనముల మరమ్మతులతో భారత్ సంస్థ తన పాత నమూనాలను మరల తయారుచేయసాగెను. 2014లో చెట్టినాటి గ్రామములు యునెస్కో తాత్కాలిక జాబితా కెక్కినవి. ఆత్తంగుడి బిళ్ళను అడుగువారు మరల కనబడుచున్నారు. కళను బ్రతికించినది ప్రశంస కాదు, కొనుగోలు.

హఫీజ్‌పేట్ వారికి ఇందు ఒక కర్తవ్యము కలదు. 1992లో మాదాపురమున చేతిపనుల వారికై శిల్పారామము వెలసెను. 1998లో దాని చెంతనే సైబర్ టవర్స్ లేచెను. నాటినుండి ఈ దిక్కున కట్టిన ఇండ్లకు లెక్కలేదు. బొమ్మను, చీరను సంతలో కొని సంచిలో వేసికొని పోవచ్చును. నేల బిళ్ళను ఇల్లు కట్టువాడే కొనవలెను. ఇల్లంతయు కాకున్నను పూజగదికో వసారాకో చేతి బిళ్ళ నడిగి, అది నానుటకు వలసిన వారములు ఆగి, న్యాయమైన కూలి చెల్లించినచో ఒక కుటుంబమునకు పని దొరకును. పాత ఇల్లు పడగొట్టువారు పూల బిళ్ళలను పగులగొట్టక ఊడదీయించుట మరియొక మేలు.

చినిగిన పుస్తకమును గ్రంథాలయము పారవేయదు; అట్టవేయించి మరల పాఠకున కిచ్చును. తాతల నేలకును ఆ మర్యాద దక్కవలెను. అట్టవేయు చేయి ఉన్నంతకాలమే పుస్తకము నిలుచును; అచ్చు నెత్తు చేయి ఉన్నంతకాలమే ఆ పూవు నేలపై పూయును.