జేబులో పెట్టుకునే మడత చాకులు: రకాల మధ్య తేడాలు, ఎంపిక, వాడకంలో జాగ్రత్తలు

పొలానికి వెళ్లే రైతు జేబులో చిన్న మడత చాకు ఉంటే రోజులో పదిసార్లు పనికొస్తుంది. పురికొస తెంపడం, విత్తన సంచి విప్పడం, డ్రిప్ లేటరల్ పైపు కత్తిరించడం, కాయ చీల్చి పురుగు ఉందో లేదో చూడడం వంటి పనులకు ప్రతిసారీ కొడవలి కోసం ఇంటికి వెళ్లలేం. సంతల్లో, హార్డ్‌వేర్ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో ఇప్పుడు అనేక రకాల మడత చాకులు దొరుకుతున్నాయి. చూడడానికి ఒకేలా ఉన్నా పనిలో, భద్రతలో వీటి మధ్య తేడా చాలా ఉంది. బ్లేడు వేళ్ల మీదికి మడుచుకోవడం, మందు ప్యాకెట్ కోసిన చాకుతోనే పండు కోసుకుని తినడం, తెగులు చెట్టును కోసిన చాకును కడగకుండా పక్క చెట్టుకు వాడడం వల్ల జరిగే నష్టం చాకు ఖరీదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందువల్ల కొనేముందు ఈ కింది విషయాలు తెలుసుకోవాలి.

పొలంలో జేబు చాకు ఉపయోగాలు

తాళ్లు, సంచులు కోయడం అందరికీ తెలిసిన పనే. అంతకంటే విలువైన ఉపయోగం పైరును పరీక్షించడం. సమస్యను ముందే గుర్తిస్తే ఒక పిచికారీ ఖర్చు మిగులుతుంది, లేదా పంటే మిగులుతుంది.

• పత్తి: ఎకరానికి 20 పచ్చి కాయలను వేర్వేరు మొక్కల నుంచి కోసి, చీల్చి లోపల గులాబీ రంగు పురుగు కోసం చూడాలి. 20 కాయల్లో 2 కాయలు దెబ్బతిని ఉంటే, అంటే 10 శాతం ఉంటే, నివారణ చర్యలు మొదలుపెట్టాలి. బయటి నుంచి కాయ బాగానే కనిపిస్తుంది కాబట్టి చీల్చి చూడడం తప్పనిసరి.
• టమాట, వంగ: మొక్క పచ్చగా ఉండగానే వడలిపోతే మొదలు దగ్గర కాండాన్ని కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో తేట నీటిలో వేలాడదీయాలి. కొద్ది నిమిషాల్లో పాలవంటి తెల్లటి ధార దిగితే అది బాక్టీరియా వడలు తెగులు. దీనికి శిలీంద్రనాశని మందులు కొట్టినా ఫలితం ఉండదు.
• చెరకు: ఎండుతున్న గడను నిలువుగా చీల్చి చూడాలి. లోపల ఎర్రబారి, మధ్యమధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు ఉండి, పులిసిన వాసన వస్తే ఎర్రకుళ్లు తెగులుగా గుర్తించాలి. ఆ తోట నుంచి ముచ్చెలు విత్తనానికి తీసుకోరాదు.
• వరి: ఎండిన మొవ్వు ఉన్న పిలకను చీల్చి కాండం తొలుచు పురుగు ఉందో లేదో నిర్ధారించుకోవచ్చు.

మడత చాకుల్లో రకాలు

1. తాళం లేని సాదా మడత చాకు: పిడిలోని స్ప్రింగు పట్టీ ఒత్తిడితోనే బ్లేడు తెరుచుకుని నిలబడుతుంది. మడవడం సులువు, ధర తక్కువ, జేబులో పలుచగా ఇముడుతుంది. కానీ బ్లేడు వెన్ను మీద ఒత్తిడి పడితే వేళ్ల మీదికి మడుచుకుంటుంది. మొనతో పొడవడానికి, తోలు, మందపాటి ప్లాస్టిక్ వంటివి చిల్లు పెట్టడానికి దీన్ని వాడరాదు. ఎప్పుడూ అంచు వైపు ఒత్తిడి పడేలా, లాగి కోసే పనులకే వాడాలి.

2. రింగు తాళం చాకు: పిడి మొదట్లో లోహపు రింగు ఉంటుంది. బ్లేడు తెరిచాక రింగు తిప్పితే అది మడుచుకోదు. ఈ రకంలో పేరుపొందినది ఫ్రాన్స్‌లోని సవాయ్ ప్రాంతంలో 1890లో మొదలైన ఒపినెల్. రైతులు, కూలీల కోసమే పుట్టిన చాకు ఇది. రింగు తాళం 1955లో వచ్చింది. 8వ నంబరు చాకు బ్లేడు పొడవు 8.5 సెం.మీ. తేలిక, పదును నిలుస్తుంది, పండ్లు కోయడానికి బ్లేడు పలుచగా ఉంటుంది. లోపం ఏమిటంటే పిడి చెక్కది. వానలో తడిస్తే చెక్క ఉబ్బి బ్లేడు తెరవడం కష్టమవుతుంది. వరి పొలంలో, బురదలో పనిచేసేవారికి ఇది అంత అనువు కాదు.

3. వెన్ను తాళం, లోపలి పట్టీ తాళం చాకులు: మొదటిదానిలో పిడి వెన్ను మీద నొక్కితే తాళం విడుతుంది. రెండోదానిలో పిడి లోపలి పలుచని లోహపు పట్టీ బ్లేడు వెనుకకు వచ్చి అడ్డుపడుతుంది. గట్టి పనులకు ఈ రెండూ సాదా చాకు కంటే భద్రం. పట్టీ తాళం చాకును ఒంటి చేత్తో తెరిచి మడవవచ్చు. అయితే పట్టీ సందులో మట్టి చేరితే తాళం పూర్తిగా పడదు. చవక రకాల్లో పట్టీ వదులై జారే ప్రమాదం ఉంది.

4. పలు పనిముట్ల చాకు: చాకుతో పాటు చిన్న రంపం, దబ్బనం, స్క్రూడ్రైవరు, డబ్బా ఓపెనరు ఉంటాయి. స్విట్జర్లాండ్‌కు చెందిన విక్టోరినాక్స్ చాకులు ఈ కోవకు చెందినవి. వాటిలో 93 మి.మీ. పొడవున్న ఫార్మర్ అనే రకంలో అల్యూమినియం పిడి, రంపం, దబ్బనం ఉన్నాయి. స్ప్రేయరు, డ్రిప్ ఫిల్టరు దగ్గర చిన్న మరమ్మతులకు బాగా ఉపయోగం. కానీ ఈ రకం పెద్ద బ్లేడుకు తాళం లేదు, ఖరీదు ఎక్కువ, కీళ్లలో మట్టి చేరితే శుభ్రం చేయడం ఎక్కువ పని.

5. అంటు కట్టే మడత చాకు: బ్లేడు అంచు తిన్నగా ఉండి, ఒకవైపు మాత్రమే పదును పెట్టి ఉంటుంది. అందువల్ల కోత చదునుగా వచ్చి, బెరడు కింది పచ్చటి పొరలు చక్కగా కలుస్తాయి. కన్ను అంటు కట్టే రకంలో బెరడు లేపే చిన్న పలక కూడా ఉంటుంది. కుడిచేతి వారికి, ఎడమచేతి వారికి వేర్వేరుగా దొరుకుతాయి. దీన్ని అంటు పనికి తప్ప తాళ్లు, సంచులు కోయడానికి వాడరాదు.

ఉక్కు, బ్లేడు ఎంపిక

కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది, సానరాయికి బాగా లొంగుతుంది. కానీ తుప్పు పడుతుంది. నిమ్మ, చింత పులుపు, అరటి జిగురు తగిలితే నల్లబడుతుంది. ఈ నలుపు వల్ల హాని లేదు, ఎర్ర తుప్పు మాత్రం రానీయకూడదు. స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది కాబట్టి తుప్పును బాగా తట్టుకుంటుంది. అయినా పొటాష్ ఎరువు అంటిన చేతులతో వాడి అలాగే జేబులో పెడితే స్టెయిన్‌లెస్ మీద కూడా గుంటలు పడతాయి. కోస్తా గ్రామాల్లో, వరి, చేపల చెరువుల దగ్గర పనిచేసేవారు స్టెయిన్‌లెస్ ఎంచుకోవడం మేలు.

బ్లేడు పొడవు 7 నుంచి 9 సెం.మీ. ఉంటే రోజువారీ పనులకు చాలు. సాదా అంచు ఇంట్లోనే పదును పెట్టుకోవచ్చు. రంపపు పళ్ల అంచు నైలాను తాడును త్వరగా కోస్తుంది కానీ మామూలు సానరాయి మీద పదును పెట్టలేం.

ఎవరికి ఏ రకం

• మెట్ట పంటలు, కూరగాయల రైతులు: తాళం ఉన్న, సాదా అంచు స్టెయిన్‌లెస్ చాకు.
• డ్రిప్, స్ప్రింక్లర్లు ఉన్న తోటల రైతులు: పలు పనిముట్ల చాకు.
• పశువులు ఉన్నవారు: ఒంటి చేత్తో తెరుచుకునే తాళం చాకు. పలుపు మెడకు బిగుసుకున్నప్పుడు ఒక చెయ్యి పశువును పట్టుకోవడానికే సరిపోతుంది. పశువు కదిలితే గుచ్చుకోకుండా మొన మొద్దుగా ఉన్నది తీసుకోవాలి.
• నర్సరీ, పండ్ల తోటల రైతులు: జేబు చాకుతో పాటు విడిగా అంటు చాకు. కొమ్మల కత్తిరింపుకు సికేచరే వాడాలి.
• డబ్బు తక్కువగా ఉంటే: సంతలో దొరికే సాదా కార్బన్ ఉక్కు చాకు, ఒక సానరాయి. పదునుగా ఉంచుకున్న చవక చాకు, మొద్దుబారిన ఖరీదైన చాకు కంటే మేలు.

కొనేముందు దుకాణంలోనే చూడవలసినవి

1. బ్లేడు తెరిచి పక్కలకు కదిపి చూడాలి. కీలు దగ్గర ఊగితే తీసుకోరాదు.
2. తాళం వేసి, వేళ్లు అంచు దారిలో లేకుండా పట్టుకుని, బ్లేడు వెన్నును బల్ల మీద మెల్లగా తట్టాలి. తాళం జారితే వదిలేయాలి.
3. మడిచాక అంచు పూర్తిగా పిడిలోకి పోవాలి. మొన బయటకు కనిపించరాదు.
4. చేతులు తడిపి పట్టుకుని చూడాలి. నున్నగా జారే పిడి పొలం పనికి పనికిరాదు.
5. కీలు దగ్గర రివెట్‌కు బదులు స్క్రూ ఉంటే బిగించుకోవడం, శుభ్రం చేయడం సులువు.

తెగుళ్లు వ్యాపించకుండా జాగ్రత్త

చాకు ద్వారా తెగుళ్లు ఒక మొక్క నుంచి మరో మొక్కకు పోతాయి. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు, నిమ్మ, బత్తాయిలో గజ్జి తెగులు, ఎక్సోకార్టిస్ వైరాయిడ్, చెరకు కార్శి తోటలను గిడసబార్చే ఆర్‌ఎస్‌డి ఇలా వ్యాపించేవే. మడత చాకు కీలులో జిగురు, మట్టి నిలిచిపోతాయి కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

ఆరోగ్యంగా ఉన్న మొక్కలను ముందు, తెగులు మొక్కలను చివర పరీక్షించాలి. ప్రతి చెట్టు తర్వాత బ్లేడును తుడిచి 1 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచాలి. 5 శాతం గాఢత ఉన్న ద్రావణం ఒక వంతుకు 4 వంతుల నీరు కలిపితే 1 శాతం అవుతుంది. ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. ఈ ద్రావణం ఉక్కును తినేస్తుంది కాబట్టి పని అయ్యాక మంచి నీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. 70 శాతం స్పిరిట్ బాక్టీరియాను చంపుతుంది కానీ వైరాయిడ్ల మీద నమ్మదగినది కాదు. నిమ్మజాతి తోటల్లో హైపోక్లోరైటే వాడాలి.

పదును, సంరక్షణ

• రెండు ముఖాల సానరాయి ఒకటి చాలు. ముందు గరుకు ముఖం మీద, తర్వాత నున్నటి ముఖం మీద రుద్దాలి.
• బ్లేడు వెడల్పు 2 సెం.మీ. ఉంటే వెన్నును రాయి నుంచి 5 నుంచి 7 మి.మీ. ఎత్తి, అదే వాలు చివరి వరకు ఉంచాలి. రెండు వైపులా సమానంగా రుద్దాలి. అంటు చాకుకు మాత్రం వాలు ఉన్న వైపే రుద్దాలి.
• తిరిగే సానచక్రం మీద పెడితే బ్లేడు వేడెక్కి ఉక్కు మెత్తబడుతుంది. తరచుగా పెట్టించరాదు.
• వారానికి ఒకసారి కీలు కడిగి, ఎండబెట్టి, ఒక చుక్క నూనె వేయాలి. తినే పదార్థాలు కోసే చాకైతే కొబ్బరి నూనె వాడాలి.
• బ్లేడుతో మూతలు పెకలించడం, స్క్రూలు తిప్పడం చేయరాదు. మొన విరిగి కంటికి తగలవచ్చు.

భద్రత

• పురుగు మందు, కలుపు మందు ప్యాకెట్లు కోయడానికి విడిగా కత్తెర ఉంచి, దాన్ని స్ప్రేయరు సామానుతోనే పెట్టాలి. ఆ పనికి వాడిన పనిముట్టుతో పండ్లు, కూరగాయలు కోయరాదు. పైపైన కడిగినా కీలులో మందు మిగిలి ఉంటుంది.
• మోటారు స్టార్టరు దగ్గర చాకుతో వైరు తొక్క తీయరాదు. సరఫరా లేదనుకున్న సమయంలో కరెంటు హఠాత్తుగా రావచ్చు. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి, ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి.
• పాము కాటు వేసిన చోట చాకుతో కోయరాదు. దానివల్ల విషం పోదు, రక్తస్రావం, చీము మాత్రం పెరుగుతాయి. కాటు పడిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.
• చెయ్యి తెగితే సబ్బు, నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. కాఫీ పొడి, మట్టి, సున్నం పెట్టరాదు. మట్టి, పేడ తగిలిన గాయమైతే ధనుర్వాతం రావచ్చు. టీకా వేసుకుని 5 సంవత్సరాలు దాటినా, ఎప్పుడు వేసుకున్నారో గుర్తులేకపోయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి.

చట్టం, ప్రయాణం

ఆయుధ నిబంధనలు 2016 ప్రకారం 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు బ్లేడు ఉన్న కత్తులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి తయారైన వాటికి ఇందులో మినహాయింపు ఉంది. 7 నుంచి 9 సెం.మీ. జేబు చాకు ఈ కొలతలకు చాలా లోపే ఉంటుంది. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే చాకులు పొలం పనికి అవసరం లేదు, అనుమానానికి తావిస్తాయి, కొనవద్దు. కోర్టులు, సభలు, ఎన్నికల కేంద్రాలు, మెట్రో రైలుకు వెళ్లేటప్పుడు చాకును ఇంట్లోనే ఉంచాలి. విమానంలో చేతి సంచిలో అనుమతించరు.

మొత్తం మీద, రైతు ముందుగా తన పని ఏమిటో చూసుకుని, తాళం గట్టిగా ఉన్న, తాను స్వయంగా పదును పెట్టుకోగల చాకును ఎంచుకోవాలి. పైరు చీల్చి చూసినప్పుడు కనిపించిన పురుగు లేదా తెగులు ఏమిటో తెలియకపోతే ఆ ముక్కను కాగితం సంచిలో వేసి, అదే రోజు దగ్గరలోని వ్యవసాయ అధికారికి గానీ, కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకు గానీ చూపించి, ఆ తర్వాతే మందు కొనాలి.