సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షక జీవితం: పతకాల వెనుక పాఠాలు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లోని విద్యాసంస్థల్లో ఆటలు నేర్పే వ్యక్తిని నేటికీ చాలామంది 'డ్రిల్ మాస్టర్' అనో 'పీఈటీ సార్' అనో పిలుస్తారు. తెలంగాణ సాంస్కృతిక చరిత్రలో కవికి, ఉద్యమకారునికి, గ్రంథాలయ స్థాపకునికి దక్కిన చోటు ఈ డ్రిల్ మాస్టరుకు దక్కలేదు. భారత ఫుట్‌బాల్ సాధించిన అత్యున్నత విజయాలకు కారకుడు మాత్రం హైదరాబాద్ రాజ్యానికి చెందిన ఒక బడిపంతులే. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన పేరుతో ముడిపడి ఉన్నాయి. ఆయన జీవితాన్ని ఈ మూడు మెట్లుగానే చెప్పడం పరిపాటి అయింది. ఆ మెట్లకు పునాది అంతకు ముందే, తరగతి గదిలోను బడి మైదానంలోను పడిందన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

ఉర్దూ మాధ్యమ విద్యాలోకం

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనా భాషగా స్వీకరించింది. రాజధానిలోనే కాక జిల్లాల్లోని ప్రభుత్వ బడులలో కూడా ఉర్దూ చదువే సాగేది. సిరిసిల్ల ప్రాంతంలోని హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి ఉర్దూ మాధ్యమంలో చదువుకొని తెలుగు కవిగా ఎదిగిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. నారాయణరెడ్డికి ముందు తరం వాడైన రహీం కూడా ఆ విద్యాలోకానికి చెందినవాడే. ఆయన ఉస్మానియాలో బి.ఏ. పూర్తిచేశాడు. విశ్వవిద్యాలయ జట్టులోను, ఉస్మానియా విద్యార్థులు, పూర్వ విద్యార్థులు ఎక్కువగా ఉన్న 'ఎలెవెన్ హంటర్స్' జట్టులోను ఆడాడు. కాచిగూడ మిడిల్ స్కూలులో, ఉర్దూ షరీఫ్ స్కూలులో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, దారుల్ ఉలూమ్ హైస్కూలులో, చాదర్‌ఘాట్ హైస్కూలులో క్రీడల బాధ్యత వహించాడు.

తెలుగు చరిత్రకారుల దృష్టి రహీంపై ఎందుకు పడలేదన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడే కొంత దొరుకుతుంది. ఆయన లోకం ఉర్దూది, నగరానిది. తెలుగు సాహిత్య సాంస్కృతిక చరిత్ర రచన తన వస్తువును తెలుగు భాషలో వెతుక్కుంది. ఫుట్‌బాల్ చరిత్ర రాసినవారు ఇంగ్లీషులో రాశారు, వారి దృష్టి ఎక్కువగా కలకత్తా మైదానం మీద ఉండేది. ఈ రెండింటి నడుమ చాదర్‌ఘాట్ ఉపాధ్యాయుడు ఎవరికీ చెందనివాడయ్యాడు.

1943: తొలి మైలురాయి

రహీం జీవితంలో అసలు మలుపు 1943లో వచ్చింది. ఆ ఏడు ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. మరణించేవరకు ఆ బాధ్యతలోనే ఉన్నాడు. ఈ పదవితో ఒక ఉపాధ్యాయునికి నగరం మొత్తం తరగతి గదిగా మారింది.

ఆయన నిర్వహించిన పోటీల స్వభావాన్ని పరిశీలిస్తే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో ఒక రకం పోటీ పెట్టాడు. బంతిని కాళ్ల వద్ద అట్టిపెట్టుకోకుండా, అందిన వెంటనే తోటి ఆటగానికి అందించడం అందులో తప్పనిసరి. బలం తక్కువగా ఉన్న కాలితోనే ఆడాలన్న నిబంధనతో మరొకటి. కుర్రవాళ్ల కోసం ఎత్తు పరిమితి పెట్టి ఇంకొకటి. దేహబలం ఉన్నవాడు చిన్నవాడిని తోసేసి గెలిచే వీలు దీనితో తగ్గింది. ఆయన ఉపన్యాసం ఇచ్చి చెప్పవలసినదాన్ని ఆట నియమంలోనే ఇమిడ్చాడు. ఎక్కం వల్లె వేయించడం కన్నా లెక్క చేయించడమే మేలని ఎరిగిన ఉపాధ్యాయుని పద్ధతి ఇది. సొంత నైపుణ్యాన్ని ప్రదర్శించి చప్పట్లు కొట్టించుకునే ఆటకు అలవాటుపడిన కాలంలో ఈ పోటీలు ఎంత కొత్తగా తోచి ఉంటాయో ఊహించవచ్చు.

పోలీసు జట్టు

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టాడు. ఆ ఏడాదే ఆ జట్టు డ్యూరాండ్ కప్పును, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలిచింది. రోవర్స్ కప్పు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు హైదరాబాదుకే వచ్చింది. డ్యూరాండ్ కప్పు 1954లో, 1957లో మళ్లీ దక్కింది. రాష్ట్రం మారి జట్టు ఆంధ్ర పోలీసు అయ్యాక 1961లోనూ దక్కింది. రాష్ట్రాల నడుమ జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956–57, 1957–58లలో వరుసగా గెలుచుకుంది.

ఈ తేదీలకు ఒక రాజకీయ నేపథ్యం ఉంది. 1948 సెప్టెంబరు సైనిక చర్యతో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసింది. కొద్ది కాలానికే ఆ నగర పోలీసు జట్టు దేశంలోని ప్రసిద్ధ కప్పులను గెలవడం మొదలుపెట్టింది. విలీనం తరువాతి హైదరాబాదును గూర్చిన చర్చలో హింస, వలస, ఉద్యోగాల నష్టం సహజంగానే ముందుంటాయి. ఆ చర్చలో ఈ జట్టుకు కూడా కొంత చోటు ఉండాలి.

హెల్సింకీ నుంచి మెల్‌బోర్న్‌కు

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో మేవాలాల్ చేసిన ఏకైక గోలుతో భారత్ ఇరాన్‌ను ఓడించింది. రహీం శిక్షణలో జాతీయ జట్టుకు దక్కిన తొలి ఘన విజయం అది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1–10 తేడాతో ఓడింది. భారత ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే దిగారు. గెలిచిన యుగోస్లావియా ఆ పోటీలో ఫైనల్ దాకా వెళ్లిన జట్టు అన్న వాస్తవం ఓటమి తీవ్రతను పెద్దగా తగ్గించదు. ఆ తరువాత మన ఆటగాళ్లు బూట్లు తొడగడం తప్పనిసరి అయింది.

1956 డిసెంబరు 1న మెల్‌బోర్న్‌లో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా దేశం భారతే. సెమీస్‌లో అదే యుగోస్లావియాపై రెండో అర్ధభాగంలో మొదటి గోల్ భారత్‌దే అయినా, చివరకు 1–4తో ఓడింది. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3–0తో గెలిచింది. నాలుగేళ్ల వ్యవధిలో 1–10 నుంచి 1–4 దాకా వచ్చిన దూరాన్ని బూట్లతో మాత్రమే వివరించలేము. మెల్‌బోర్న్ జట్టులో థంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాదు శివారు అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు ఉన్నారు. వీరిలో పలువురికి రహీం పద్ధతి శిక్షణ శిబిరంలో కొత్తగా నేర్చుకున్నది కాదు, సొంత ఊరిలో అలవడినది.

1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4–2–4 వ్యూహాన్ని రహీం అంతకు ముందే వాడాడని తరచు చెబుతారు. ఈ మాటను జాగ్రత్తగా స్వీకరించాలి. 1950ల తొలినాళ్లలో హంగరీ జట్టు మధ్య ఫార్వర్డ్‌ను వెనక్కి దింపి ఆడిన తీరు అప్పటికే లోకానికి తెలుసు. లోకంలో వస్తున్న మార్పును చాదర్‌ఘాట్ నుంచి గమనించి, తన ఆటగాళ్లకు తగినట్లు మలచుకున్నాడనడమే సమంజసం. దానివల్ల ఆయన గొప్పతనం తగ్గదు.

జకార్తా, 1962

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1–1 డ్రా చేసుకున్న భారత్, హంగరీ చేతిలో 1–2తోను, పెరూ చేతిలో 1–3తోను ఓడింది. రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం ఆ జట్టులో సభ్యుడు. రెండేళ్ల తరువాత జకార్తా వెళ్లేనాటికి రహీం ఆరోగ్యం క్షీణిస్తూ ఉంది.

తొలి పోటీలో దక్షిణ కొరియా 2–0తో గెలిచింది. థాయిలాండ్‌పై 4–1తో గెలిచిన ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌పై 2–0 విజయంలో అతడు లేడు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై రహీం అతడిని తలకట్టుతోనే, అదీ సొంత స్థానంలో కాక ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ ఒక గోల్ చేశాడు, భారత్ 3–2తో గెలిచింది. ఈ ఆటల్లో ఇజ్రాయెల్, తైవాన్‌లకు ప్రవేశం నిరాకరించడంపై భారత క్రీడాధికారి జి.డి. సోంధీ చేసిన విమర్శ వల్ల ఇండొనేషియా ప్రేక్షకులు భారత్‌పై ఆగ్రహంతో ఉన్నారు. సెప్టెంబరు 4న ఫైనల్ ఆ హేళన మధ్యనే జరిగింది. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేయగా తమను మొదట ఓడించిన కొరియాపైనే భారత్ 2–1తో నెగ్గింది. ఫ్లూ నుంచి కోలుకున్న థంగరాజ్‌ను ఫైనల్‌కు గోల్‌కీపర్‌గా తిరిగి తీసుకున్న నిర్ణయం కూడా రహీందే. విద్యార్థి ఏ లెక్క చేయగలడో పరీక్షకు ముందే ఎరిగిన ఉపాధ్యాయుని నమ్మకం ఈ రెండు నిర్ణయాల్లోనూ కనిపిస్తుంది.

1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీం మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు.

కొలమానాల ప్రశ్న

ఆటను నేర్పేవాడు ఉపాధ్యాయుడే అన్న భావన కొత్తది కాదు. 1891లో బాస్కెట్‌బాల్‌ను రూపొందించిన జేమ్స్ నైస్మిత్ వ్యాయామోపాధ్యాయుడే. కాన్సాస్ విశ్వవిద్యాలయ శిక్షకుడిగా ఆయన గెలిచిన ఆటలకన్నా ఓడినవే ఎక్కువ. యూసీఎల్ఏ జట్టుకు 1964–75 మధ్య పది జాతీయ టైటిళ్లు తెచ్చిన జాన్ వుడెన్ అంతకు ముందు ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధించినవాడు. అయితే వుడెన్ వెనుక ఒక విశ్వవిద్యాలయం ఉంది. జీతం, మైదానం, ఏటేటా వచ్చే విద్యార్థులు, తన తరువాత వచ్చేవారికి నిలిచే కుర్చీ అన్నీ ఉన్నాయి. రహీంకు బడి ఒకచోట, అసోసియేషన్ కార్యాలయం మరొకచోట, పోలీసు మైదానం ఇంకొకచోట. ఈ మూడింటినీ కలిపిన సంస్థ ఆయన ఒక్కడే. అందుకే ఆయన పోగానే పద్ధతి కూడా చెదిరింది. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో ఏర్పడేనాటికి ఆయన పోయి 22 ఏళ్లు గడిచాయి.

1960 తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడలేదు. 1962 తరువాత ఆసియా స్వర్ణం రాలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం చనిపోయి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. ఆ తరువాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు.