కొండపల్లి కొయ్యలో వింత రూపాలు

విజయవాడకు దాదాపు 20 కిలోమీటర్ల దూరంలో, రెడ్డిరాజుల కాలం నాటి కోట కింద విస్తరించిన కొండపల్లి పేరు చెప్పగానే అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు, ఎడ్లబండి గుర్తుకు రావడం సహజమే అయినా, అక్కడి పనివారి నేర్పూ హాస్యదృష్టీ అన్నిటికన్నా తేటగా కనిపించేది దశావతారాల వరుసలోని మొదటి నాలుగు బొమ్మల్లోనే. నడుము దాకా మనిషి, ఆ కింద చేపగా ఉండే మత్స్యం, తాబేలు ఒంటితో కూర్మం, పంది మోముతో వరాహం, సింహపు తలతో నరసింహం ఆ నాలుగూ.

ఈ బొమ్మలు చెక్కే ఆర్యక్షత్రియులు తమ పూర్వులు 16వ శతాబ్దంలో రాజస్థాన్ ప్రాంతం నుంచి వచ్చారనీ, ముక్తరుషి తమకు మూలపురుషుడనీ చెప్పుకుంటారు. కోట గజపతుల నుంచి కృష్ణదేవరాయలకు, ఆపై కుతుబ్‌షాహీలకు, 1766లో ఆంగ్లేయులకు చేతులు మారినా బొమ్మల పని నిలిచింది. తీరాంధ్రలో సంక్రాంతికి ఇంటింటా మెట్లు కట్టి బొమ్మలు పేర్చే ఆచారం, అంటే బొమ్మల కొలువు, ఆ పనికి రాజాశ్రయం కన్నా నమ్మకమైన ఆధారమైంది.

వింత రూపాలు ఇక్కడ అంత సహజంగా కుదరడానికి కారణం పని పద్ధతిలోనే ఉంది. తెల్ల పొణికి అనే తేలికైన, మెత్తని కర్రను సన్నని సెగ మీద ఆరబెట్టి, ఒళ్లు, చేతులు, తల వంటి భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడిని ఉడికించి రంపపు పొట్టుతో కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. అతుకులు కనబడకుండా ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూత వేసి, మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిమెన పట్టి తిప్పుతారు కనుక అక్కడి బొమ్మలు గుండ్రని రూపాల వైపు మొగ్గుతాయి. కొండపల్లిలో రూపం అతుకులోంచి పుడుతుంది. రాముడి భుజాల వంటి భుజాలకే చేప తోకను కలపవచ్చు, మనిషి మెడ మీదే సింహపు తల నిలపవచ్చు. మక్కు ఎండి, సున్నం పడ్డాక, రెండు జీవుల మధ్య గీత ఎక్కడుందో కంటికి ఆనదు.

ఈ బొమ్మలలోని హాస్యం ఎగతాళి కాదు. వరాహమూర్తి మోముకు దిద్దే పెద్ద కళ్లూ ఎర్రని పెదవులూ పక్కనున్న కృష్ణుడికి దిద్దేవే. ఉగ్రత తగ్గి, ముచ్చట మిగులుతుంది. కొలువు చూడటానికి పేరంటాళ్లతో వచ్చిన పిల్లలు భయపడకుండా నవ్వుతూ దగ్గరికి చేరేలా చేసేది ఆ సమదృష్టే. సముద్రపు జీవులను గాజు తొట్లలో పెంచేవారు, రెక్కలను కాళ్లలా నేలకు మోపి నడిచే కప్పచేపను చూసి మురిసి నవ్వుకోవడంలో ఉన్నదీ ఇదే భావం. వారి నవ్వుకు ప్రకృతి కారణమైతే, కొండపల్లి నవ్వుకు ఉలి కారణం. శిల్పశాస్త్ర ప్రమాణాలను పట్టుకుని ఈ బొమ్మలను మోటు పనిగా తక్కువ చేసి చూడటం న్యాయం కాదు, ఎందుకంటే ఆలయ శిల్పం భక్తిని కోరితే ఈ కొయ్యబొమ్మ చనువును కోరుతుంది.

ఈ పనికి అసలు ముప్పు కర్ర కొరతే. చుట్టుపక్కల కొండల్లో పొణికి చెట్లు తగ్గిపోయాయి, నాటిన మొక్క కోతకు రావడానికి ఏళ్లు పడుతుంది. 1999 నాటి చట్టం కింద కొండపల్లి బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినా, ఆ గుర్తింపు కర్రను పుట్టించలేదు. పొణికి మొక్కల పెంపకాన్ని అటవీ శాఖ, గ్రామస్థులు, బొమ్మల పనివారు కలిసి చేపట్టాలి. కొలువుకు దశావతారాలు కొనేవారు అవి తెల్ల పొణికితో చేసినవేనా అని అడిగి మరీ కొనాలి.