కొరెగిడార్ మోర్టారులు

మనము కోట గోడల ఎత్తును కొలుతుము. అవి ఎటు చూచుచున్నవో అడుగము. మనీలా అఖాత ముఖమున కొరెగిడార్ దీవిపై అమెరికనులు గియరీ స్థావరమున 8, వే స్థావరమున 4, 12 అంగుళముల మోర్టారు ఫిరంగులను నిలిపిరి. మోర్టారు గుండు నింగికెగసి, ఓడ పైతట్టుపై నిలువుగా పడును. ఓడ కవచము పలుచనైన చోటు అదియే.

1942లో శత్రువు సముద్రమువైపునుండి గాక, ఉత్తరపు గట్టున నున్న బటాన్‌ను పట్టుకొని అచటినుండి గుండ్లు కురిపించెను. సముద్రమువైపే గురిపెట్టిన పెద్ద ఫిరంగులనేకము మూగవోయినవి. ఎటైనను తిరుగగల మోర్టారులు బదులు చెప్పినవి. కాని వాని గుంటలకు కప్పు లేదు. మే 2న జపాను గుండు పడి గియరీ మందుగుండు కొట్టు పేలిపోయెను. వే స్థావరమున మిగిలిన ఒక్క మోర్టారు మే 6 ఉదయమువరకు పలికెను. ఆ దినమే దీవి లొంగెను.

పైనుండి కొట్టుటకు పుట్టిన ఆయుధము, పైనుండి వచ్చు దెబ్బను కాచుకొనలేకపోయెను.