జయపురపు కోట వాకిట దీపము

దసరా మాట వచ్చినప్పుడెల్ల మన సంఘపు యువకులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు. "మైసూరు కోటవలె మన జయపురపు కోటకును దీపాలంకారము చేసిన నెంత బాగుండును, తాతగారూ!" అని. మేము బ్రతుకంతయు దస్త్రములు కట్టినవారమే కాని యింజనీర్లము కాము. అయినను ఈ ప్రశ్నకు చరిత్రలో కొంత సమాధానము దొరకునని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నందపురమునుండి రాజధాని 17వ శతాబ్దిలో జయపురమునకు మారినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుపడువరకు ఈ సీమ యంతయు మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలోనిదే. మన తాతముత్తాతలు పరరాష్ట్రమునకు వలస వచ్చినవారు కారు. వారున్న యూరే రాష్ట్రము మారినది. 1931 మొదలు 1951 వరకు ఏలిన విక్రమదేవవర్మగారు ఒరియా, తెలుగు రెండింటను పండితులు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు దానమిచ్చిన మహనీయులు. కనుక ఆ సింహద్వారముపై దీపము వెలుగవలెనని మనవారు కోరుటలో తప్పు లేదు. ఎట్టి దీపమన్నదే విచారింపవలసినది.

విద్యుత్తు రాకమునుపు పండుగ రాత్రులందు వెలుగు దివిటీలదే. ఈ కొండలలో ఇప్పనూనెకును ఒలిసెనూనెకును కొదువ లేదు. దివిటీ వెలుగు క్రిందినుండి పైకి ప్రాకును, కదలుచుండును. సున్నపు గోడపై అది పడినప్పుడు ప్రతి యంచునకు ఒక నీడ యేర్పడును. ఆ నీడవలననే శిల్పము కంటికి కనబడును. ఈ సంగతి మా తాతగారు, "దివిటీ పోయినతోనే కోట బొమ్మలు నిదురపోయినవి" అని ఒక్క మాటలో చెప్పెడివారు. ఆ మాట మాకు చిన్నతనమున అర్థము కాలేదు.

ఇక మైసూరు సంగతి. కావేరిపై శివసముద్రపు జలవిద్యుత్తు 1902లో మొదట కోలారు బంగారు గనులకు పోయినది. తరువాతనే నగరములకు వచ్చినది. ఇప్పటి మైసూరు ప్రాసాదము 1912లో పూర్తియైనది. దాని గోపురములు, కమానులు, స్తంభముల యంచులవెంబడి దాదాపు లక్ష బల్బులు వరుసగా నమర్చినారు. దీపములు వెలిగినప్పుడు మనము చూచునది గోడను కాదు, గోడ గీతను. ముగ్గు వేసినట్లు చీకటిపై భవనపు రూపురేఖ మాత్రమే నిలుచును. అన్ని కమానులు, గోపురములు గల ప్రాసాదమున కది తగియున్నది. గోడ బరువే అందమైన కోటవాకిలికి అదే చేసిన, పెండ్లిపందిరివలె నుండునని మా యభిప్రాయము.

మనకును ఒక శివసముద్రమున్నది. మాచ్‌ఖండ్ నదిపై డుడుమ జలపాతము చెంత మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు కలిసి తలపెట్టిన విద్యుత్కేంద్రము 1955లో పనికి వచ్చినది. జోలాపుట్టు జలాశయములో ఎన్నియో యూళ్లు మునిగినవి. గదబలు, పరజలు మొదలగు గిరిజనులు వేలకొలదిగా పొలములు విడిచి లేచిపోయిరి. తీగలు వారి కొండలమీదుగానే విశాఖపట్టణమునకు సాగినవి. వాటి క్రింది గూడెములలో మాత్రము చాలకాలము ఇప్పనూనె దీపమే వెలిగినది. ఈ సీమలో పండుగకు లక్ష బల్బులు వెలిగింపవలెనన్నప్పుడు ఈ లెక్క మాకు జ్ఞాపకము రాక మానదు. పాతకాలపు బల్బులో నూటికి తొంబది పాళ్లకు పైగా కరెంటు వేడిగానే పోయెడిది. నేటి ఎల్.ఇ.డి. దీపములు వచ్చి ఆ దుబారా చాలవరకు తగ్గించినవి. అంతమాత్రమున ఎన్నియైన పెట్టవచ్చునని కాదు.

మరియొక సంగతి. కొన్నేండ్ల క్రిందట రాయగడ ప్రాంతమున ఒక చిన్న పాత గుడికి ఉత్సవమని గారగోడకు వరుసగా ఇనుపమేకులు కొట్టి తీగలు కట్టిరి. మేమును చందా యిచ్చి, చూచి మెచ్చుకొన్నవారిలోనివారమే. ఉత్సవము మూడు నాళ్లు. మేకులను ఎవరును తీయలేదు. ఇనుము తుప్పుపట్టిన నుబ్బును. ఉబ్బిన మేకు చుట్టునున్న సున్నపుగారను పగులగొట్టును. ఆ పగుళ్లలో వాననీరు దిగును. మూడవ వానకాలమునకు ద్వారముమీది లతల పని పెచ్చులుగా రాలిపోయినది. దాని కొరకు మేము చందా యిచ్చితిమను మాట ఇప్పటికిని మనసులో గ్రుచ్చుకొనును.

గోడ నంటకుండ వెలిగించు మార్గము లేకపోలేదు. ఫ్రాన్సు దేశమున 1952లో షాంబోర్ కోటయందు వెలుగు, ధ్వని కలిపి రాత్రి ప్రదర్శన మొదలుపెట్టిరి. ఢిల్లీ ఎర్రకోటలో అట్టిది 1965లో వచ్చినది. తరువాత మన గోలకొండలోను పెట్టినారు. అట్టి చోట్ల దీపమును గోడకు దూరముగా నేలపై నుంచి వెలుగును గోడపైకి పంపవచ్చును. దీపమును ఎదురుగా పెట్టిన గోడ చదునై కాగితమువలె తోచును. ప్రక్కనుండి, క్రిందినుండి ఏటవాలుగా పంపిన ఆ పాత దివిటీ నీడలు మరల లేచును. రంగు విషయమున కెల్విన్ అను కొలత యున్నది. క్రొవ్వొత్తి వెలుగు సుమారు 1,900, పట్టపగటి యెండ సుమారు 5,500. దీపము 2,700 దాపున నున్న సున్నపుగోడకు దివిటీ ఛాయ కొంత వచ్చును. ఆకుపచ్చ, ఊదారంగుల మాట తలపెట్టకపోవుటయే మేలు. పాత కట్టడములలో గబ్బిలములును గుడ్లగూబలును కాపురముండును. రాత్రియంతయు వెలిగించిన వాటి గూడు చెడును. పది గంటలకు ఆర్పిన చాలును.

అర్జీలు వ్రాయుట మా పాత వృత్తి. కోటవారికిని అధికారులకును సంఘము పంపదలచిన అర్జీకి ముసాయిదా మేమే వ్రాసినాము. గోడకు ఒక్క మేకైనను కొట్టరాదన్నది మొదటి పంక్తి. కొనుటకు ముందు ఒక రాత్రి ఇద్దరు కుర్రవాండ్రు దివిటీలు పట్టుకొని ద్వారమునకు ఇరుప్రక్కల నిలువవలెను, నీడ బాగుగ పడినచోట నేలపై సుద్దతో గురుతు పెట్టవలెను అన్నది రెండవది. ఖర్చు పట్టిక వ్రాయవలసిన పుటను ఖాళీగా నుంచితిమి. అది కోశాధికారిగారు నింపవలెను.